బేస్‌మెంట్‌లో ఆయుధ పూజ

వంటింట్లో పొయ్యి పక్కన నేలలో ఒక ఇనప జాలీ ఉండేది. కింద బేస్‌మెంట్‌లో ఉన్న ఫర్నేసు నుంచి వేడిగాలి అందులోంచే పైకి వచ్చేది. వేడిగాలి చలికాలంలోనే వచ్చేది కాని, నా మనవడి చప్పుళ్ళు ఏడాది పొడుగునా వచ్చేవి.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. మా అల్లుడుగారు మిషిగన్‌లో కార్ల కంపెనీలో ఇంజనీరు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు. మా ఆయన పోయాక పిండిమర అమ్మేసి నేను మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. వాళ్ళకి ఒక్కడే కొడుకు. ఎనిమిదో ఏట ఈ దేశం వచ్చినవాడు, నేను వచ్చేసరికి ఇరవై దాటి, గడ్డం పెంచి, కాలేజీ మధ్యలో మానేసి ఉన్నాడు. ముగ్గురు తెల్లపిల్లలతో కలిసి బ్యాండ్ నడిపేవాడు. నేను వచ్చిన ఏడాదికే అది విడిపోయింది. ఒకడు పెళ్ళి చేసుకుని వేరే ఊరు పోయాడు. ఒకడు తండ్రి కొట్లో కూర్చున్నాడు. మూడోవాడి మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మిగిలినవాడు మావాడు. మధ్యాహ్నం నుంచి రికార్డుల షాపులో పని. పొద్దున్నంతా బేస్‌మెంట్‌లో కూర్చుని, అన్ని వాయిద్యాలూ తనే వాయించుకుంటూ, సొంతంగా ఒక ఆల్బమ్ తయారుచేసేవాడు.

వాడు వాయించేదాన్ని సైకడెలిక్ రాక్ అంటారట. ఆ మాటకి అర్థమేమిటే అని అమ్మాయిని అడిగాను.

"మనసు విచ్చుకోవడం లాంటిదమ్మా," అంది.

"మనసు విచ్చుకోడానికి అంత చప్పుడెందుకే?"

"నాకేం తెలుసు? వాణ్ణే అడుగు."

అలాంటి పాటలు పాడేవాళ్ళు మత్తుమందులు తింటారని పండగ భోజనానికి వచ్చిన ఒకావిడ చెప్పింది. ఆనాటి నుంచి వాడి ప్యాంట్లు ఉతికే ముందు ప్రతి జేబూ తిరగేసి చూసేదాన్ని. గిటారు మీటే ప్లాస్టిక్ బిళ్ళలు దొరికేవి, బబుల్‌గమ్ కాగితాలు దొరికేవి. బిళ్ళలు కడిగి పెరుగు డబ్బాలో దాచి ఇచ్చేదాన్ని. వేరే ఏమీ ఎప్పుడూ దొరకలేదు. దొరకనందుకు సంతోషమే కాని, రేపు దొరుకుతుందేమోనన్న భయం మాత్రం పోలేదు.

బట్టలుతికే మిషను కూడా బేస్‌మెంట్‌లోనే. అందుచేత వాడి పని నా కళ్ళ ముందే సాగేది. ఒకసారి టేపు ముక్క రెండు కొసలూ అతికించి, దాన్ని రికార్డర్‌లోంచి తీసి మిషను చుట్టూ, గోడకానించిన నా చీపురు చుట్టూ తిప్పి మళ్ళీ రికార్డర్‌లోకి పంపాడు. చీపురు కదిపితే పాట పోతుందట. ఆ రోజు నేను ఇల్లు ఊడవలేదు. ఇంకోసారి నేను పప్పు రుబ్బుతుంటే మైకు తెచ్చి పక్కన పెట్టాడు. అందులో పాటేముందిరా అంటే, "నీకు తెలీదు అమ్మమ్మా, యూ ఆర్ ఎ బ్యాండ్," అన్నాడు. నాకు ఇవన్నీ నచ్చేవి కావు. నచ్చలేదని మొహం మీదే చెప్పేదాన్ని. చదువుకోడానికి అన్నీ అమరిన పిల్లవాడు చదువు వదిలేయడం, మూడో తరగతితో మావాళ్ళు బడి మానిపించేసిన నాకు మింగుడుపడే విషయం కాదు.

ఆల్బమ్ మొదటి వైపు పాటలు ఆ వేసవికి పూర్తయ్యాయి. న్యూయార్క్‌లో ఒక చిన్న కంపెనీవాళ్ళు వాటిని విని, రెండో వైపు కూడా ఇదే స్థాయిలో ఉంటే రికార్డు వేస్తామని, క్రిస్మస్‌లోగా టేపులు పంపమని ఉత్తరం రాశారు. మా అల్లుడుగారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివారు.

"సరే. క్రిస్మస్ దాకా చూస్తాను. అవకపోతే జనవరిలో మళ్ళీ కాలేజీ. అప్పుడు మ్యూజిక్ మాట ఎత్తకూడదు. అత్తయ్యగారూ, మీరే సాక్షి," అన్నారు.

"నన్నెందుకు ఇరికిస్తారు బాబూ?" అన్నాను కాని, నా మనసు అప్పుడు ఆయన వైపే ఉంది.

రెండో వైపంతా ఒకే పాట. పాట అనడానికి మాటలు లేవు. ఇరవై నిమిషాలపాటు ఒక చప్పుడు పుట్టి, పెరిగి, దాని మీద మిగిలినవన్నీ వచ్చి వాలి, చివరికి అదొక్కటే మిగలాలని వాడి ఆలోచన. ఆ చప్పుడు కోసం కాలేజీలో సంగీతం చెప్పిన ఒక మాస్టారి దగ్గర సింథసైజర్ అరువు తెచ్చుకున్నాడు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ ముందు తిరిగి ఇచ్చేయాలి. బీరువా అంత చెక్కపెట్టె. ముందు భాగమంతా బెజ్జాలు, రేడియోకి ఉండేలాంటి నాబ్‌లు. ఒక బెజ్జంలోంచి ఇంకో బెజ్జంలోకి రంగురంగుల వైర్లు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆడపిల్లలు ముందు పెట్టుకుని కూర్చునే బోర్డు ఎలా ఉంటుందో అలా ఉండేది. ఏ వైరు ఎక్కడ గుచ్చాడు, ఏ నాబ్ ఎంత తిప్పాడు అన్నదాన్ని బట్టి చప్పుడు పుడుతుంది. ఆ పెట్టెకి జ్ఞాపకం అనేది లేదు. వైరు తీస్తే చప్పుడు పోయినట్టే. ఈ సంగతి నాకు తరువాత తెలిసింది.

ఆగస్టు మొదట్లో ఆ చప్పుడు చెవిలో చీమ దూరినట్టుండేది. జాలీ మీద పీట బోర్లించేదాన్ని. నెల తిరిగేసరికి అది లావెక్కింది. సెప్టెంబరులో ఒక పొద్దున పోపు వేస్తూ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చప్పుడుకి ఊపిరి వచ్చింది. పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, దిగుతోంది. ఆగినచోట అడుగున ఇంకొకటి, సన్నగా, పక్క గదిలో నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరిలాగ వినిపిస్తోంది. పోపు మాడిపోయింది. జాలీ మీద పీట అప్పట్నుంచి పెట్టలేదు.

"ఇంకా టేపుకి ఎక్కించలేదట్రా?" అని బట్టలు తియ్యడానికి వెళ్ళినప్పుడు అడిగాను.

"లేదు. టేప్ వేస్ట్ చేయను. పండకముందు కోయకూడదు అని నువ్వే చెప్తావ్ కదా."

"రోజూ ఆ నాబే తిప్పుతావు. విసుగు రాదూ?"

"నువ్వు డైలీ పప్పు చేస్తావ్ కదా."

"పప్పు తింటాం."

"ఇది వింటాం."

బట్టల బుట్ట ఎత్తుకుని వచ్చేశాను. కాని వాడు నాబ్ తిప్పే తీరు చూశాను. వెంట్రుకవాసి తిప్పి, కళ్ళు మూసుకుని విని, మళ్ళీ వెంట్రుకవాసి వెనక్కి. అరిగిన మర రాళ్ళకి ఉలితో గంట్లు పెట్టుకునేటప్పుడు మా ఆయన అలాగే కూర్చునేవారు. ఎవరు పిలిచినా పలికేవారు కాదు. ఇదీ పనే కాబోలు అని మొదటిసారి అనిపించింది.

అలా అనిపించకుండా ఉంటే ఏ నష్టమూ జరిగేది కాదు.

దసరా వచ్చింది. మహర్నవమి నాడు పనిముట్లకి పూజ చేయడం మా ఇంటి ఆచారం. మరకి ఆ రోజు సెలవు. బెల్టులన్నీ విప్పేయాలి. బెల్టు బిగించి ఉన్న మిషనుకి పూజ చేస్తే, కాడి మీదున్న ఎద్దుకి హారతి ఇచ్చినట్టని మా మామగారు అనేవారు. విప్పి, తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, మర్నాడు దశమి దాకా తాకకూడదు. అమెరికా వచ్చాక కూడా నేను మానలేదు. అల్లుడుగారి కారుకి, కుట్టు మిషనుకి, మిక్సీకి, గడ్డి కోసే మిషనుకి ఏటా చేసేదాన్ని. మనవడి సామాన్లకి మాత్రం ఎప్పుడూ చేయలేదు. మరిచిపోయి కాదు. పని కానిదానికి పూజేమిటని.

ఆ ఏడు చేశాను.

వాడు షాపుకి వెళ్ళాక పసుపు గిన్నె, తడిగుడ్డ పట్టుకుని కిందకి దిగాను. గిటార్లకి బొట్లు పెట్టాను. టేపు రికార్డర్‌కి పెట్టాను. ఆ పెద్ద పెట్టె ముందు కూర్చుని ఒక్కొక్క వైరూ లాగాను. బెజ్జాల్లోంచి వస్తుంటే మెత్తగా 'టిక్' అనేది. ప్రతి వైరూ తుడిచి, చుట్ట చుట్టి, దారంతో కట్టి, రంగుల వారీగా పళ్ళెంలో పేర్చాను. నాబ్‌లన్నీ, పొయ్యి ఆర్పినట్టు, ఎడమకి పూర్తిగా తిప్పేశాను. మిషను విశ్రాంతి తీసుకోవాలి కదా. పెట్టె అంచుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పెరటి చేమంతులు గుచ్చి, బెల్లం ముక్క నైవేద్యం పెట్టాను. వీడి పని ఒడ్డెక్కించమ్మా తల్లీ అని దణ్ణం పెట్టుకున్నాను. మొదటిసారి వాడి పని కోసం అడిగాను.

సాయంత్రం వాడు వచ్చి కిందకి వెళ్ళాడు. ఎంతసేపటికీ పైకి రాలేదు. చప్పుడూ రాలేదు. నేనే వెళ్ళాను. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మమ్మా, వైర్స్ నువ్వు తీశావా?"

"పూజకి విప్పాలిగా. రేపు దశమి. రేపు పెట్టేసుకో."

"ఏది ఎక్కడ ఉందో నీకు గుర్తుందా?"

అప్పటిదాకా నాకేమీ తెలియదు. వాడి మొహం చూశాక తెలిసింది.

"రాసుకోలేదట్రా నువ్వు?"

"కొన్ని రాశా. కొన్ని చెవితో చేశా."

"ఎర్రది పైనుంచి... పైనుంచి మూడో దాంట్లో ఉంది. నీలంది... నీలంవి రెండున్నాయి." ఊళ్ళో నలభై ఏళ్ళ కిందట ఎవరు ఎన్ని కుంచాల పిండి పట్టించుకున్నారో చెప్పగలిగిన మనిషిని. మధ్యాహ్నం నా చేత్తో లాగిన వైరు ఏ బెజ్జంలోంచి వచ్చిందో చెప్పలేకపోయాను.

"ఫర్వాలేదు," అన్నాడు. "ఇట్స్ ఓకే. నీకు తెలీదు కదా."

తిట్టి ఉంటే భరించేదాన్ని. వాడు బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. ప్రసాదం వదిలేయకూడదని చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పింది. నములుతూ ఏడ్చాడు.

పైన మా అమ్మాయి తల పట్టుకుంది. "వాడి సామాన్లలో చెయ్యి పెట్టొద్దని వచ్చిన రోజే చెప్పానమ్మా! మూడేళ్ళూ ఊరుకుని ఇవాళెందుకు పెట్టావు?"

అల్లుడుగారు పేపరు మడిచి, "పోనీలెండి అత్తయ్యగారూ, అమ్మవారే తేల్చేసింది. జనవరికి ఫీజు కట్టేద్దాం," అని నవ్వారు.

రెండు నెలల కిందట ఆయనతో కలిసి నవ్వేదాన్నే. ఆ రోజు మాత్రం, "నేను పాడుచేసిన దాన్ని అమ్మవారి మీదికి నెట్టకండి," అన్నాను. అల్లుడుగారి ముందు అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన మళ్ళీ పేపరు విప్పుకున్నారు.

మర్నాటి నుంచి వాడు తిరిగి మొదలుపెట్టాడు. వారం తిరిగాక పైకి వచ్చి అడిగాడు: "నువ్వు రోజూ విన్నావు కదా కిచెన్‌లో. వచ్చి హెల్ప్ చేస్తావా?" వాడి చెవిలో పాతదీ కొత్తదీ కలిసిపోతున్నాయట. ఆ చప్పుడు వాడు కాక రోజూ విన్న మనిషిని నేనొక్కదాన్నే.

వంట తెల్లవారేలోపే ముగించి, బట్టల మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. వాడు ఒక వైరు గుచ్చి నా వైపు చూసేవాడు.

"ఇలాగా?"

"కాదు. ఇది తుమ్మెద. అది తుమ్మెద కాదు."

"ఇది?"

"పాలు విరిగినట్టుంది. ఇంకా చిక్కన."

"చిక్కన అంటే లో పిచ్‌గానా, స్లోగానా?"

"చిక్కన అంటే చిక్కనే. గరిట పెడితే నిలబడాలి."

వాడు నోటుబుక్కులో ఇంగ్లీషు అక్షరాలతో 'గరిట' అని రాసుకుని నవ్వేవాడు. మొదట్లో నవ్వేవాడు. అక్టోబరు గడిచింది. ఒకరోజు పైకి లేవడం వచ్చింది, ఆగడం రాలేదు. ఒకరోజు ఆగడం వచ్చింది, కింద ఉన్న సన్నటిది రాలేదు. చెప్పడానికి నా దగ్గర మాటలు అయిపోయాయి. ఉన్నవి మర మాటలు, వంటింటి మాటలు. వాటితో ఎంతవరకని చెప్పగలను? నోటితో పాడి చూపించబోతే నా గొంతు దగ్గులా వచ్చింది. ఇంకొక భయం కూడా పట్టుకుంది. ఆ చప్పుడు నాలో కూడా అరిగిపోతోంది. పొద్దుట లేవగానే మనసులో ఒకసారి అనుకుని చూసుకునేదాన్ని. రోజూ కొంచెం మారుతున్నట్టుండేది.

వాడు తిండి తగ్గించాడు. షాపు నుంచి పిలిచినా వెళ్ళేవాడు కాదు. రెండు కళ్ళ కిందా నల్లచారలు. మాస్టారు ఫోన్ చేసి, శనివారం వ్యాన్‌తో వచ్చి పెట్టె తీసుకెళతానని చెప్పారు.

గురువారం పొద్దున ఒక చప్పుడు వచ్చింది. లేచింది, ఆగింది, దిగింది. చిక్కగానే ఉంది. కింద సన్నగా ఇంకొకటి వినిపించింది కూడా. కాని అది ఊపిరి కాదు. గడియారంలా సమంగా కొట్టుకుంటోంది. పసిపిల్ల ఎప్పుడూ సమంగా ఊపిరి పీల్చదు.

వాడు నాబ్ మీంచి చెయ్యి తీయలేదు. గోళ్ళన్నీ మొదళ్ళదాకా కొరికేసుకుని ఉన్నాయి.

"అమ్మమ్మా. ఇదా?"

కాదని చెప్పాలి. చెబితే శుక్రవారం మొత్తం వెతుకుతాడు. దొరకదు. శనివారం వ్యాన్ వస్తుంది. జనవరి వస్తుంది. ఇవన్నీ లెక్కవేసుకుని నోరు విప్పానని చెప్పలేను. వాడి వేళ్ళు చూశాను. అంతే.

"ఇదే," అన్నాను.

"నిజంగా? ప్రామిస్?"

"నేనెప్పుడు అబద్ధమాడానురా?"

అది మాత్రం నిజం. నేను మొహమాటానికి కూడా అబద్ధం చెప్పే మనిషిని కాదని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే వాడు నమ్మాడు. మెడ వాల్చేసి, గోడకి ఆనుకుని, "థాంక్ గాడ్," అన్నాడు. ఆ రోజూ మర్నాడూ దాన్ని టేపుకి ఎక్కించాడు. శనివారం వ్యాన్ వచ్చింది. పెట్టె అంచున పసుపు మరక ఇంకా ఉంది. మాస్టారు వేలితో గీకి చూసి, ఇదేమిటని అడిగారు. వాడు ఏం చెప్పాడో నాకు వినబడలేదు.

క్రిస్మస్ ముందే టేపులు వెళ్ళాయి. వసంతంలో రికార్డులు వచ్చాయి. హాల్లో అందరినీ కూర్చోబెట్టి రెండో వైపు వేశాడు. అల్లుడుగారు చేతులు కట్టుకుని చివరిదాకా కూర్చున్నారు. అయ్యాక, "ఇన్ని సామాన్లు నువ్వొక్కడివే వాయించావా?" అని మాత్రం అడిగారు. ఆయన నోట అంత మెచ్చుకోలు నేను అంతకుముందు వినలేదు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. వాడు వాళ్ళెవరినీ చూడలేదు. ఇరవై నిమిషాలూ నన్నే చూశాడు. నేను తల ఊపాను. తల ఊపడం కూడా అబద్ధమేనని అప్పుడే తెలిసింది.

ఆ రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు. కాని విన్న కొద్దిమందీ వాడికి ఉత్తరాలు రాశారు. అందరూ ఆ సన్నటి చప్పుడు గురించే రాశారు. గడియారం అని ఒకరు, వాన అని ఒకరు. ఊపిరి అని ఎవరూ రాయలేదు. ఎలా రాస్తారు? వాళ్ళు అసలుది వినలేదు.

ఎనభైల్లో వాడు జెర్సీ సిటీకి మారాడు. పగలు ఒక స్టూడియోలో ఉద్యోగం, మిగిలిన వేళల్లో తన సంగీతం. కొత్తది ఏది చేసినా ముందు నాకు క్యాసెట్ పంపేవాడు. మా అమ్మాయి వంటింట్లో టేపు రికార్డర్‌లో పెట్టి వినిపించేది. ఆదివారం పొద్దున ఫోన్ చేసేవాడు.

"చెప్పు అమ్మమ్మా. రైటా, కాదా?"

"నాకేం తెలుసురా? నేను సంగీతం నేర్చుకున్నానా?"

"నీకు చెవి ఉంది. మొహమాటం లేదు. ఇక్కడ అందరూ బాగుంది బాగుంది అంటారు. నువ్వు కాదంటే కాదు."

ఒకసారి చెప్పేయబోయాను. "ఆ మొదటి రికార్డులో చప్పుడు ఉంది చూడు..." అన్నాను. నా మాట పూర్తి కాకుండానే అందుకున్నాడు. "అదొక్కటే నాకు ష్యూర్ అమ్మమ్మా. నేను చేసిన వాటిలో అదొక్కటే. నువ్వు ఇదే అన్నావు కదా, ఆ రోజు నుంచి నాకు డౌట్ రాలేదు." ఏం చెప్పను? పాత చప్పుడు నాకే గుర్తులేదు. ఇది కాదని చెప్పగలను కాని, అసలుది ఏదో చెప్పలేను. అలాంటప్పుడు చెప్పడమంటే ఒక మనిషి నిలబడ్డ పీట లాగేయడమే అవుతుంది. నీ గొంతు మారింది, జలుబా అని అడిగి మాట తప్పించాను.

మొన్న వచ్చిన క్యాసెట్‌లో ఒకే పాట రెండు రకాలుగా చేసి పంపాడు. ఏది ఉంచాలో చెప్పమన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాను. మూడుసార్లు విన్నాను. ఆదివారం ఫోన్ మోగింది.

"ఏది అమ్మమ్మా?"

"రెండోది," అన్నాను.

"ష్యూర్?"

"ఆఁ."

రెండోది వినేసరికి మొదటిది ఎలా ఉందో నేను మరిచిపోయాను.